పాత క్షవరం కత్తికి కొమ్ము పిడి చెడిపోతే మార్చాలా, బాగుచేయాలా?

పాత వస్తువుల మీద మనం చేస్తున్న ఎపిసోడ్లలో ఇది ఇంకొకటి. ఈసారి నా టేబుల్ మీద ఉన్నవి క్షవరం కత్తులు. మడిచి పెట్టుకునే పాతకాలం రేజర్లు, స్ట్రెయిట్ రేజర్ అంటారే, అవి. వీటికి పదును పెట్టడం గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి. పిడి గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా ఒకటే సలహా: "పాతది పీకేయ్, అక్రిలిక్ పిడి ఆర్డర్ పెట్టుకో." నాకు ఆ సలహా నచ్చదు. ఎందుకు నచ్చదో, దాని బదులు ఏం చేయచ్చో ఇవాళ చెప్తాను. వీడియో చూడకుండా చదువుకుంటున్నవాళ్ళకి కూడా అర్థం కావాలని కొంచెం విడమరిచే చెప్తున్నాను.

ముందు కత్తిని చూద్దాం. ఉక్కు బ్లేడు ఒకటి. దాన్ని రెండు వైపులా పట్టుకుని రెండు పల్చటి పలకలు, ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్ల మందం. పై చివర ఒక రివెట్ ఉంటుంది, బ్లేడు దాని మీదే తిరుగుతుంది. కింది చివర రెండు పలకల మధ్య ఒక చిన్న ముక్క ఇరికించి ఉంటుంది. దాన్ని వెడ్జ్ అంటారు. చూడ్డానికి ఏదో అలంకారంలా ఉంటుంది గానీ, దాని వల్లే రెండు పలకల మధ్య కొలిచినట్టు ఖాళీ ఉంటుంది. కత్తి మూసినప్పుడు బ్లేడు ఎటూ రాసుకోకుండా సరిగ్గా మధ్యలోకి దిగుతుంది. పలక వంకర పోయిందనుకోండి, అంచు వెళ్ళి పలకకి తగులుతుంది. గంటసేపు సానరాయి మీద కూర్చుని పెట్టిన పదును ఒక్కసారి మూయగానే పోతుంది. అంటే పిడి పాడైతే అందం ఒక్కటే కాదు, కత్తి పనే పోతుంది.

ఇప్పుడు మన చేతికొచ్చే పాత కత్తుల్లో చాలావాటి మీద రెండు ఊళ్ళ పేర్లు కనిపిస్తాయి. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్. షెఫీల్డ్‌కి అంత పేరు రావడానికి ఉక్కే కారణం. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలు చేసే ఆయన ఆ ఊరి పక్కనే మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. (మూసలో ఉక్కు చేయడం మన తెలంగాణలో కోనసముద్రం లాంటి ఊళ్ళకి అంతకు ముందే తెలుసు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపోయే కథ.) ఆ ఉక్కుకి తొడిగిన పిడి ఎక్కువగా కొమ్ముతో చేసిందే. కొమ్ముని వేడిచేసి మెత్తబరిచి, అచ్చుల్లో నొక్కి పలకలు తీయడం షెఫీల్డ్‌లో ఒక ప్రత్యేకమైన వృత్తి. అక్కడి ఎద్దు కొమ్ములు చాలక ఓడల్లో మన దేశం గేదె కొమ్ములు కూడా వెళ్ళేవి. ఇక్కడి నుంచి కొమ్ముగా వెళ్ళి, కత్తి పిడిగా తిరిగొచ్చినవి మన ఇళ్ళలో కొన్ని ఉన్నా ఆశ్చర్యం లేదు.

మీ కత్తి వయసు తెలియాలంటే ఒక చిన్న గుర్తు చెప్తాను. బ్లేడు మెడ దగ్గర ముద్రలో ఊరు పేరుతో పాటు 'ఇంగ్లండ్' అని దేశం పేరు కూడా ఉంటే, అది చాలావరకు 1891 తర్వాతది. అమెరికాకి వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలనే చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది.

సరే, అసలు కొమ్ము అంటే ఏంటి? మన గోరు, మన జుట్టు దేనితో తయారవుతాయో అదే, కెరాటిన్. లోపల ఎముక, దాని మీద తొడుగులా పొరలు పొరలుగా పెరిగేది కొమ్ము. జింక కొమ్ము ఇది కాదు, అది పూర్తిగా ఎముక. ఈ పొరల సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా రిపేర్ అంతా దాన్నుంచే అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి ఎండలో, వేడి గదిలో పడి ఉంటే కొమ్ములో తేమ పోయి పొరలు విడిపోతాయి, ఉల్లిపాయ పొరల్లాగా. నీళ్ళలో నానితే ఉబ్బి, ఆరినప్పుడు మళ్ళీ విడిపోతాయి. అచ్చులో నొక్కి తిన్నగా చేసింది కాబట్టి, వేడి తగిలితే పాత వంపుకి తిరిగి పోవాలని చూస్తుంది. ఇంకోటి, కెరాటిన్ అంటే కొన్ని పురుగులకి భోజనం. ఉన్ని శాలువాలు కొట్టేసే పురుగులే బీరువాలో ఉన్న కత్తి పిడినీ కొరుకుతాయి. పిడి మీద చిన్న చిన్న గుంటలు, వంకర టింకర గాళ్ళు కనిపిస్తే అవి వాటి పళ్ళ గుర్తులే.

ఇక చీలిక. అది దాదాపు ఎప్పుడూ బ్లేడు తిరిగే రివెట్ దగ్గరే వస్తుంది. అక్కడ రంధ్రం ఉంది, బలమంతా అక్కడే పడుతుంది, పైగా లోపల ఉక్కు తుప్పు పట్టి ఉబ్బి పలకని తోస్తుంది. వదులైందని ఎవరో ఒకరు సుత్తితో ఒక్కటేసి ఉంటారు కూడా. కొమ్ముకి ఆ ఒక్క దెబ్బ చాలు.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. పని మొదలుపెట్టే ముందు అది నిజంగా కొమ్మేనా అని చూసుకోండి. 1870ల నుంచి సెల్యులాయిడ్ పిడులు వచ్చాయి. కొమ్ములా, దంతంలా, తాబేటి చిప్పలా, ఏదంటే దానిలా కనిపించేలా చేసేవాళ్ళు. సెల్యులాయిడ్‌కి నిప్పంటే భగ్గుమంటుంది, దాన్ని వేడి చేయకూడదు. కనుక్కోవడం మనవాళ్ళకి చాలా సులువు. పిడిని బట్టతో గట్టిగా, వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, దాని తయారీలోనే కర్పూరం కలుపుతారు. గంధకం వాసన వస్తే గట్టి రబ్బరు. ఏ వాసనా రాకపోతే, పిడి లోపలి వైపు కనపడని చోట సన్న సాండ్‌పేపర్‌తో కొంచెం గీకండి. జుట్టు కాలిన వాసన వచ్చిందా, కొమ్ము. ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూస్తే లేత రంగు కొమ్ములో పొడుగ్గా చారలు, లోపల వెలుగు కనిపిస్తాయి. సూది ఎర్రగా కాల్చి గుచ్చి చూడమని కొంతమంది చెప్తారు. సెల్యులాయిడ్ అయితే చేతిలోనే అంటుకుంటుంది, ఆ పని వద్దు. సెల్యులాయిడ్ ఇంకో చెడ్డ పని కూడా చేస్తుంది. పాతబడి కుళ్ళడం మొదలైతే దాన్నుంచి ఆమ్లం ఆవిర్లు వచ్చి బ్లేడుని తినేస్తాయి. అలాంటి పిడి దొరికితే మాత్రం తీసేయాల్సిందే. అక్కడ నాకు సెంటిమెంటు లేదు.

ఏనుగు దంతం అని అనుమానం వస్తే కొనడం, అమ్మడం జోలికి పోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం. గేదె కొమ్ముకి ఆ గొడవ లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కత్తి గురించి చెప్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒక స్నేహితుడు తెచ్చాడు. వాళ్ళ తాతగారు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి క్షవరం చేసేవారు, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవారు. ఆయన పోయాక అడపంలో దొరికిందట. అడపం అంటే క్షవరం సామాన్లు పెట్టుకునే సంచి, ఈ మాట మీలో చాలామంది విని ఉండరు. ఇప్పుడు సెలూన్లలో ఒకసారి వాడి పారేసే సగం బ్లేడే కాబట్టి ఈ కత్తుల పని అయిపోయింది, అలా అడుగున పడి ఉంది. షెఫీల్డ్ కత్తి, నల్ల కొమ్ము పిడి. రివెట్ దగ్గర చీలిక, ఒక పలక వంకర, రెండు పురుగు గుంటలు. "కొత్త పిడి వేయించేద్దాం, బ్లేడు బాగుంటే చాలు" అన్నాడు వాడు. నేను పిడిని వెలుగులో తిప్పి చూపించాను. ఒక వైపు బొటనవేలు ఆనే చోట కొమ్ము పల్లంగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. ఆ ఉక్కు ఎవరో షెఫీల్డ్ పనివాడిది. ఆ అరుగుదల మాత్రం వాళ్ళ తాతగారిదే. పిడి మార్చేస్తే పోయేది అదే కదా. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఆ పల్లం ముట్టుకోకు" అన్నాడు. అలా మొదలైంది ఆ పని.

పనిలో మొదటిది బ్లేడుకి టేప్ చుట్టడం. ఎంత మొద్దుబారిందనుకున్నా చుట్టాలి. మాస్కింగ్ టేప్ రెండు మూడు చుట్లు, పని అయ్యాక విప్పేయాలి, రోజుల తరబడి వదిలేస్తే దాని కింద తేమ పడుతుంది. పలకని సబ్బు నీళ్ళలో ముంచిన బ్రష్‌తో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. నానబెట్టకూడదు.

చిన్న గుంటలే ఉంటే రివెట్లు తీయకుండానే పని చేయచ్చు. చీలిక, వంకర ఉంటే తీయక తప్పదు. రివెట్ తల మీద సన్న ఆకురాయితో ఒక వైపు మాత్రం మెల్లగా అరగదీసి, వెనక నుంచి సన్నటి పంచ్‌తో తోసేయాలి. చుట్టూ పలకకి గీతలు పడకుండా పల్చటి రేకు ముక్కకి రంధ్రం చేసి అడ్డం పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ దూర్చి మీటడం మాత్రం వద్దు, చీలిక అక్కడికక్కడే రెండింతలవుతుంది. తీసిన వాషర్లు జాగ్రత్త చేయండి, పాత వాషర్ల ఆకారం ఇప్పటి వాటికి రాదు.

వెడ్జ్ ముక్క బయటికొచ్చాక దాన్ని చూడండి. పాత కత్తుల్లో అది చాలాసార్లు సీసం. బూడిద రంగు, చిన్న ముక్కకి కూడా బరువు, గోరుతో గీస్తే గీత పడుతుంది, కాగితం మీద రాస్తే పెన్సిల్ లాగా గీత వస్తుంది. సీసం అయితే సాండ్‌పేపర్ పెట్టొద్దు, ఆ ధూళి ఒంట్లోకి పోతే విషం. తడి బట్టతో తుడిచి, ఒక డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వంటింటి బల్ల మీద చేయకండి.

ఇక్కడి నుంచి వరసే అసలు సంగతి. ముందు వంకర, తర్వాత జిగురు, తర్వాత అరగదీత, తర్వాత నూనె, చివరికి రివెట్. ఎందుకంటే వేడికి జిగురు ఊడుతుంది కాబట్టి వేడి పని ముందే అయిపోవాలి. నూనె పట్టిన కొమ్ముకి జిగురు అంటదు కాబట్టి నూనె తర్వాతే రావాలి. ఆన్‌లైన్‌లో చాలామంది మొదటే నూనెలో వేసి వారం ఉంచమంటారు. చీలిక లేకపోతే సరే. ఉంటే ఆ నూనె చీలికలోకి దిగి కూర్చుంటుంది, ఇక ఏ జిగురూ నిలబడదు.

వంకర తీయడం ఎలా అంటే, నీళ్ళు మరిగించి దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, పలకని అందులో కొద్ది నిమిషాలు ఉంచాలి. ఇంత పల్చటి కొమ్ము తొందరగానే మెత్తబడుతుంది. తీసి గబగబా తుడిచి రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి క్లాంప్ బిగించి, రాత్రంతా వదిలేయాలి. పూర్తిగా చల్లారకముందే తీసి చూసుకోవాలనిపిస్తుంది, తీయొద్దు. వేడిగా ఉన్నప్పుడు విప్పితే మళ్ళీ పాత వంపుకే పోతుంది. కొద్దిగా వంకర మిగిలితే ఇంకోసారి చేయచ్చు, తొందరేం లేదు.

పొరలు విడిపోయిన చోటికి నీళ్ళలా పల్చగా ఉండే సూపర్‌గ్లూ కావాలి. జెల్ రకం పనికిరాదు, అది పైనే ఉండిపోతుంది. పల్చటిది అంచున ఒక చుక్క పెడితే అదే పొరల మధ్యకి పాక్కుంటూ పోతుంది. ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. జిగురు పెట్టాక పైన ప్లాస్టిక్ కాగితం వేసి క్లాంప్ చేయండి, లేకపోతే చెక్క కూడా అతుక్కుంటుంది. ఒక హెచ్చరిక ఉంది. సూపర్‌గ్లూని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. రెండూ కలిస్తే చటుక్కున వేడెక్కి చెయ్యి కాలుతుంది, పొగ కూడా వస్తుంది. నూలు చేతి తొడుగులు అసలే వద్దు.

పురుగు గుంటలకి సూపర్‌గ్లూలో వంటసోడా కలిపి నింపే చిట్కా మీ ఫీడ్‌లో కనిపించే ఉంటుంది. గట్టిపడటం నిజమే, కానీ తెల్లగా, పెళుసుగా తయారవుతుంది. నల్ల కొమ్ములో తెల్ల మచ్చ, అంటే ఉన్న గుంటే నయం అనిపిస్తుంది. వంటసోడా బదులు కొమ్ము పొడి వాడండి. ఎక్కడ దొరుకుతుంది అంటారా, మీ నాయనమ్మ దగ్గర పళ్ళు ఊడిన కొమ్ము దువ్వెన ఉంటే అడిగి తీసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో సంభల్ కొమ్ము సామాన్లకి పేరు పడిన ఊరు, అక్కడి దువ్వెనలు ఆన్‌లైన్‌లో కూడా వస్తాయి. దాన్ని ఆకురాయితో రాస్తే పొడి రాలుతుంది. గుంటలో కొంచెం పొడి, పైన ఒక చుక్క జిగురు, ఆరాక ఇంకో పొర. ఒకేసారి నిండా పోస్తే లోపల బుడగలు మిగిలిపోతాయి. చివరికి పలక మట్టం కంటే కాస్త ఎత్తుగా నిలిచేలా చూసుకోవాలి. లేత రంగు కొమ్ముకి మాత్రం పొడి వేయకండి, మురికిలా కనిపిస్తుంది. అక్కడ జిగురొక్కటే, పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింది చారలు కనబడుతూ కలిసిపోతుంది.

రివెట్ రంధ్రం గుండా పోయిన చీలికకి సూపర్‌గ్లూని నమ్మను. అది గట్టిదే గానీ పెళుసు. రివెట్ కొట్టేటప్పుడు పడే దెబ్బలకి మళ్ళీ విచ్చుకుంటుంది. ఇక్కడ నిదానంగా గట్టిపడే ఎపాక్సీ మంచిది. అయిదు నిమిషాల రకం కాదు, ఒక రోజు పట్టేది. చీలికలోకి ఎక్కించి, లోపలి వైపు, అంటే బయటికి కనపడని వైపు, పలకని కొద్దిగా పల్చన చేసి, అక్కడ సన్నటి కొమ్ము ముక్కో గ్లాస్ ఫైబర్ గుడ్డో అదే ఎపాక్సీతో అతికించాలి. అతుకు ముక్క చీలికకి అడ్డంగా పడాలి, దాని పక్కనే పొడుగ్గా పడితే లాభం లేదు. రంధ్రం కూడా ఎపాక్సీతో పూడిపోనిచ్చి, గట్టిపడ్డాక కొత్తగా వేసుకోవడమే సురక్షితం. 1.6 మిల్లీమీటర్ల బిట్, చేత్తో తిప్పే డ్రిల్, కింద చెక్క ఆనించి. కరెంటు డ్రిల్ స్పీడుకి కొమ్ము వేడెక్కి అంచులు లేచిపోతాయి. స్నేహితుడి కత్తికి నాకు ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. ఎపాక్సీ ఆరే రెండు రోజులు కలుపుకుంటే నాలుగు సాయంత్రాలు.

అరగదీసేటప్పుడు ముక్కుకి ఎన్95 మాస్క్ తప్పనిసరి. కొమ్ము ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. 400 నంబర్ సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా. చదునైన చెక్క ముక్కకి చుట్టి రాయండి, వేలితో రాస్తే గుంట పడుతుంది. నింపిన చోటు, దాని చుట్టుపక్కల కొంచెం, అంతే. పలక మొత్తం రాసి కొత్తదానిలా మెరిపించాలనే కోరిక పుడుతుంది, వీడియోకి కూడా అది బాగుంటుంది. కానీ ఆ మెరుపు కోసం అరిగిపోయేది నూట యాభై ఏళ్ళ చేతి గుర్తులు కావచ్చు, ఎవరో సూదిమొనతో చెక్కుకున్న పేరు కావచ్చు. మా వాడి కత్తి మీద ఆ బొటనవేలి పల్లానికి నేను ముందే టేప్ వేసేశాను, పొరపాటున కూడా పేపర్ తగలకుండా.

ఇప్పుడు నూనె. నీట్స్‌ఫుట్ ఆయిల్ అని తోలు సామాన్లకి వాడేది దొరుకుతుంది. బట్టతో పట్టించి రాత్రంతా ఉంచి, మిగిలింది తుడిచేయాలి. మరీ ఎండిపోయిన కొమ్ము అయితే నాలుగైదు రోజులు ఇలాగే చేయండి. బూడిద రంగు పోయి లోపలి నలుపు పైకి రావడం మీరే చూస్తారు.

చివరిగా రివెట్. 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, పాత వాషర్లు. వాషర్ పైకి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే మిగిలేలా కత్తిరించి, చిన్న గుండు తల సుత్తితో తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. కంసాలి దుకాణంలో వినిపించే చప్పుడు గుర్తుందా, టిక్ టిక్ టిక్ అని, అంత మెల్లగా. అంచుల చుట్టూ తిరుగుతూ ఒక వైపు కొన్ని, తిప్పి రెండో వైపు కొన్ని. నాలుగు దెబ్బల్లో అయిపోవాలనుకుంటే చీలిక మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యమధ్యలో కత్తి మూసి తెరిచి చూడండి. పిడి పట్టుకుని తలకిందులు చేస్తే బ్లేడు దానంతట అది జారి తెరుచుకోకూడదు, వేలితో తోస్తే మాత్రం సాఫీగా రావాలి. మూసినప్పుడు పైనుంచి చూస్తే అంచుకి రెండు పక్కలా సమానంగా సందు కనిపించాలి.

అన్నీ మీరే చేయాలని లేదు. చెక్కిన బొమ్మలున్న అచ్చు కొమ్ము పిడులు, వెండి పొదిగినవి, 1800కి ముందువి అయితే ఏమీ చేయకుండా తెలిసినవాళ్ళకి చూపించండి. ఆసక్తి ఉంటే షెఫీల్డ్‌లో కెల్హమ్ ఐలాండ్ మ్యూజియం, జోలింగెన్‌లో కత్తుల మ్యూజియం ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలోకి వెళ్ళి చూడండి.

బాగుచేసిన కత్తిని మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకండి, తేమ చేరుతుంది. కిటికీ పక్కన ఎండలోనూ వద్దు. నూనె రాసిన గుడ్డలో చుట్టి, ఆరు నెలలకోసారి తీసి, కొత్త పురుగు గుంటలు పడ్డాయేమో చూసుకోండి. విమానంలో తీసుకెళ్ళాలంటే చెక్-ఇన్ బ్యాగులోనే, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో ఉంచేసుకుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కత్తి బ్లేడు మీద తుప్పు సంగతి చూద్దాం. ఉంటాను మరి.